ష్మాల్ట్స్ అంటే ఏమిటి? కోడికొవ్వు నుంచి కన్నీళ్ల దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు సినిమా రివ్యూలు చదివే అలవాటున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట తగులుతుంది. "కథ బాగానే ఉంది గానీ చివరి అరగంట మరీ ష్మాల్ట్సీ" అని ఉంటుంది. డిక్షనరీ తీస్తే ఒక అర్థం "అతి సెంటిమెంట్", ఇంకో అర్థం "కరిగించిన కోడికొవ్వు". ఈ రెండింటికీ పొంతన ఏమిటని స్నేహితులు అడుగుతూనే ఉంటారు. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. అందుకే వాళ్లు అడిగినవన్నీ ఒకచోట చేర్చి, తెలిసినంతవరకు జవాబులు రాస్తున్నాను.

ష్మాల్ట్స్ అంటే సూటిగా ఏమిటి?

ప్రేక్షకుడి చేత కన్నీళ్లు పెట్టించాలని పాటలోనో, సినిమాలోనో, ఉపన్యాసంలోనో పనిగట్టుకుని దట్టించిన సెంటిమెంట్. వయొలిన్లు ఒక్కసారిగా మోగుతాయి, వర్షం మొదలవుతుంది, ఇరవై ఏళ్ల క్రితం తప్పిపోయిన కొడుకు గుమ్మంలో నిలబడతాడు. అలాంటిది. ఇది మాటల్లో వాడే పదం, గంభీరమైన వ్యాసాల్లో తక్కువ. ష్మాల్ట్స్ నామవాచకం, ష్మాల్ట్సీ విశేషణం.

ఎలా పలకాలి?

"ష్మా" ఒక్క ఊపులో రావాలి. ముందు "ఇ" చేర్చి "ఇష్మాల్ట్స్" అనకూడదు. చివర "ట్స్" తేలిగ్గా పలికితే చాలు. ఇంగ్లీషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది, అన్నీ ఒకటే మాట.

ఇది ఇంగ్లీషు మాట కాదా?

ఇప్పుడు ఇంగ్లీషు మాటే. వచ్చింది మాత్రం యిడ్డిష్ నుంచి. యిడ్డిష్ అనేది మధ్య, తూర్పు ఐరోపా యూదులు ఇళ్లల్లో మాట్లాడుకున్న భాష. దాని మూలం పాత జర్మన్. అందులో హీబ్రూ, అరమాయిక్, స్లావ్ భాషల మాటలు బోలెడు కలిశాయి. రాసేది హీబ్రూ అక్షరాలతో, కుడి నుంచి ఎడమకు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ భాష మాట్లాడేవాళ్లు కోటికి పైనే. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువమంది భాష ఇదే. ఈ సంగతి తెలిశాక, యిడ్డిష్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చి బతికిన ప్రతి మాటనూ కాస్త ఆగి చూడాలనిపిస్తుంది నాకు.

యిడ్డిష్‌లో ష్మాల్ట్స్ అంటే కరిగించి తీసిన కొవ్వు. జర్మన్‌లోనూ ఈ మాట ఉంది, కాకపోతే అక్కడ ఎక్కువగా పందికొవ్వు. మూలధాతువుకు అర్థం "కరగడం". ఖనిజాన్ని కరిగించి లోహం తీసే పనికి ఇంగ్లీషులో వాడే "స్మెల్టింగ్" దీనికి చుట్టమే. గిన్నెల మీద నిగనిగలాడే పూత "ఎనామెల్" కూడా ఫ్రెంచి దారిలో తిరిగి వచ్చిన దూరపు చుట్టం.

వంటకు కోడికొవ్వే ఎందుకు? నూనె, వెన్న లేవా?

కథంతా ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

యూదుల ఆహార నియమాలను కోషర్ అంటారు. వాటి ప్రకారం పంది పూర్తిగా నిషిద్ధం, కాబట్టి చుట్టుపక్కల జర్మన్, పోలిష్ ఇళ్లల్లో వాడే పందికొవ్వు వీళ్లు ముట్టరు. పాలను, మాంసాన్ని కలపకూడదన్నది ఇంకో నియమం. మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించకూడదని వాళ్ల ధర్మగ్రంథం మూడుచోట్ల చెబుతుంది. ఆ మాట మీదే ఈ నియమమంతా నిలబడింది. అంటే మాంసం వండేటప్పుడు వెన్న వాడకూడదు. నిష్ఠగా ఉండే ఇళ్లల్లో పాల వంటకు, మాంసం వంటకు గిన్నెలు, గరిటెలు కూడా వేరు. మడి, ఎంగిలి, అంటు మధ్య పెరిగినవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించదు. ఆవు, గొర్రె లోపలి కొవ్వుల్లో కొన్ని భాగాలు కూడా తినకూడనివే.

ఇక ఆలివ్ నూనె. మధ్యధరా తీరంలో ఉన్న యూదులకు అది పుష్కలంగా దొరికింది. పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ చలిలో ఆలివ్ చెట్టు బతకదు. అలా అన్ని తలుపులూ మూసుకున్నాక మిగిలింది కోడి, బాతు. చలికాలానికి ముందు బాతుల్ని బాగా మేపి, డిసెంబరు ప్రాంతంలో వచ్చే హనుక్కా పండుగ రోజుల్లో కొవ్వు కరిగించి జాడీల్లో దాచి, వసంతంలో వచ్చే పాస్ఓవర్ పండుగ దాకా జాగ్రత్తగా వాడుకునేవాళ్లు.

పేద ఇళ్లల్లో ఆ జాడీ ఒక ఆస్తి. రొట్టె మీద ఇంత రాసి, ఉప్పు చల్లి, ఉల్లిపాయ ముక్కతో పిల్లాడి చేతిలో పెడితే ఆ పూట గడిచినట్టే.

అది ఎలా చేస్తారు? చూశారా?

చూశాను. న్యూజెర్సీలో మేం ఉన్న అపార్ట్‌మెంట్‌లో పక్కింటి పెద్దావిడ చేస్తుంటే ఆమె స్టవ్ దగ్గరే నిలబడి చూశాను.

కోడి చర్మం, దాని కింది పసుపుపచ్చ కొవ్వు కత్తెరతో సన్నగా కత్తిరించి మందపాటి మూకుడులో వేసింది. రెండు చెంచాల నీళ్లు పోసింది, అడుగంటకుండా. మంట బాగా చిన్నది. మొదట్లో నీళ్లు తెల్లగా, మబ్బుగా ఉడుకుతాయి. పావుగంట గడిచేసరికి నీరు ఇగిరిపోయి బుడగల చప్పుడు మారుతుంది, కొవ్వు అద్దంలా తేరుకుంటుంది. అప్పుడు ఉల్లిపాయ చక్రాలు వేసింది. అవి బంగారు రంగు దాటి గోధుమ రంగుకు తిరిగేదాకా కదల్లేదు ఆవిడ. తర్వాత సన్న జల్లెడలో వడకట్టి సీసాలో పోసింది. వేడిగా ఉన్నప్పుడు తేనె రంగు. ఫ్రిజ్‌లో పెట్టాక లేత పసుపు రంగులో పేరుకుంది.

జల్లెడలో మిగిలిన కరకరలాడే చర్మం ముక్కల్ని, ఉల్లిపాయల్ని గ్రిబెనెస్ అంటారు. వాటి మీద ఉప్పు చల్లి నా ముందుకు జరిపింది. నాకు ఆ క్షణంలో మా అమ్మమ్మ నెయ్యి కాచడం గుర్తొచ్చింది. బుడగల చప్పుడు మారగానే ఒక తమలపాకు తుంచి వేయడం, వడకట్టాక గిన్నె అడుగున మిగిలిన గసిలో వేడి అన్నం, ఇంత పంచదార కలిపి మాకు ముద్దలు పెట్టడం. చప్పుడు విని కాగిందో లేదో చెప్పడం ఇద్దరిదీ ఒకటే విద్య.

మరి వంటింటి కొవ్వు సెంటిమెంట్ ఎలా అయింది?

1881 నుంచి 1924 దాకా తూర్పు ఐరోపా నుంచి 20 లక్షలకు పైగా యూదులు అమెరికా వెళ్లారు. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద జరిగిన దాడులు ఒక కారణం, పేదరికం ఇంకో కారణం. 1924లో అమెరికా కొత్త వలస చట్టం తెచ్చి ఆ తలుపు దాదాపు మూసేసింది. వచ్చినవాళ్లలో చాలామంది న్యూయార్క్‌లో దిగారు. వాళ్లతో పాటు యిడ్డిష్ నాటకమూ వచ్చింది. 1876లో రొమేనియాలోని యాష్ పట్టణంలో అబ్రహాం గోల్డ్‌ఫాడెన్ మొదలుపెట్టిన ఆ నాటకరంగం న్యూయార్క్ సెకండ్ అవెన్యూలో వరసగా థియేటర్లు నిలబెట్టేంత పెరిగింది. వాళ్ల పిల్లలు అక్కడి నాటకాల్లో, సంగీతంలో, సినిమాల్లో పనిచేశారు. ఇంటి మాటల్ని పనిలోకి తీసుకెళ్లారు.

1930లలో అమెరికా బ్యాండ్లలో రెండు రకాల వాయింపు ఉండేది. ఒకటి "హాట్", అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే జాజ్. ఇంకోటి "స్వీట్", అంటే తీపిగా, సాఫీగా, రాసినది రాసినట్టు. ఈ రెండో రకాన్ని జాజ్ వాద్యకారులు ష్మాల్ట్స్ అన్నారు. ఆ అర్థంతో ఈ మాట 1935 నుంచి అచ్చులో కనిపిస్తుంది. అక్కడి నుంచి సినిమాలకు, నాటకాలకు, గ్రీటింగ్ కార్డులకు పాకింది.

పోలిక చాలా సహజమైనది. కొవ్వు కమ్మగా ఉంటుంది, నాలుకకు అతుక్కుంటుంది. రెండు చెంచాలు వేస్తే రుచి, గరిటెతో వేస్తే వెగటు. కన్నీళ్లు తెప్పించే సంగీతం కూడా అంతే కదా.

అయితే అప్పటి ఆ నాటకాలు, పాటలు అంత చెత్తవా?

యిడ్డిష్ విమర్శకులు కొందరు అలాగే అనుకున్నారు. చౌకబారు నాటకాలకు వాళ్లు "షుండ్" అని పేరు పెట్టారు, చెత్త అని అర్థం. నేను ఒప్పుకోను. అమ్మ మీద పాటలు ఆ థియేటర్లలో ఎందుకంత ఆడాయో ఆలోచించండి. హాల్లో కూర్చున్నవాడు పదహారేళ్లప్పుడు ఓడ ఎక్కినవాడు. అమ్మను మళ్లీ చూడలేదు, చూడబోడు. కుట్టుమిషన్ మీద పన్నెండు గంటలు పనిచేసి వచ్చాడు. కొడుకు నుంచి ఉత్తరం రాలేదని స్టేజీ మీద ఒక ముసలమ్మ ఏడుస్తుంటే అతనికి వచ్చిన కన్నీరు అబద్ధం కాదు. పాట రాసినవాడు లెక్క చూసుకునే రాసి ఉండొచ్చు. విన్నవాడి ఏడుపులో ఆ లెక్క లేదు.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండి, వీడియో కాల్‌లో అమ్మ "తిన్నావా నాన్నా" అనగానే గొంతు పట్టేసినవాళ్లకు ఇది ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ష్మ" అని మొదలవడం వల్లే వెక్కిరింపులా వినిపిస్తుందా?

మంచి ప్రశ్న. యిడ్డిష్ నుంచి అమెరికన్ ఇంగ్లీషుకు ఒక అలవాటు వచ్చింది. "ఫ్యాన్సీ ష్మాన్సీ" అంటారు, "డాక్టర్ ష్మాక్టర్" అంటారు. మాటను రెండోసారి "ష్మ" పెట్టి పలికితే దాన్ని తేలిక చేసినట్టు. మనం "సినిమా గినిమా ఏం వద్దు", "పెళ్లీ గిళ్లీ తర్వాత చూద్దాం" అంటామే, అచ్చం అదే పని. మనకు "గి", వాళ్లకు "ష్మ".

కానీ ష్మాల్ట్స్‌లో ఉన్న "ష్మ" అలా అతికించింది కాదు, మాట పుట్టుకలోనే ఉంది. అయినా ఇంగ్లీషువాళ్ల చెవికి ఆ శబ్దం అప్పటికే వెక్కిరింపుతో ముడిపడి ఉంది కాబట్టి ఈ మాటకు ఆ రుచి కూడా తోడైంది.

యూదుల ముందు ఈ మాట వాడితే తప్పా?

తప్పు కాదు. ఇది ఏ జాతినీ కించపరిచే మాట కాదు, వాళ్లూ హాయిగా వాడతారు. అయితే ఒకరి సొంత దుఃఖం గురించి వాడకండి. చనిపోయిన తండ్రి గురించి ఎవరైనా రాసుకున్నదాన్ని ష్మాల్ట్సీ అంటే మనసు విరుగుతుంది. సినిమా గురించి, ప్రకటన గురించి, పాట గురించి అయితే పర్లేదు.

యిడ్డిష్‌లో దీనికి మంచి అర్థమేమీ లేదా?

ఉంది, అదే నాకు చాలా నచ్చిన సంగతి. యిడ్డిష్‌లో ఒకడికి అదృష్టం కలిసొస్తే "కొవ్వు గుంటలో పడ్డాడు" అంటారు, ష్మాల్ట్స్ నిండిన గుంట అన్నమాట. మన "బూరెల బుట్టలో పడ్డాడు" పక్కన పెట్టి చూడండి. కొవ్వు కరువైన ఇళ్లల్లో కొవ్వే ఐశ్వర్యం. గుడ్లు పెట్టే ముందు బాగా కొవ్వు పట్టి ఉన్నప్పుడు పట్టి ఉప్పులో ఊరవేసిన హెర్రింగ్ చేపను "ష్మాల్ట్స్ హెర్రింగ్" అంటారు. అక్కడ ఈ మాట నాణ్యతకు గుర్తు. కడుపు నిండినవాళ్ల లోకానికి వచ్చాకే అది ఎగతాళి అయింది.

చీజీ, కార్నీ, మష్ లాంటివన్నీ ఇదే అర్థమా?

దగ్గర దగ్గరగా. తమాషా ఏమిటంటే చాలావరకు తిండి మాటలే. మష్ అంటే మొక్కజొన్న పిండి జావ, మెత్తగా జారిపోయే సెంటిమెంట్‌కూ అదే పేరు. కార్నీ అంటే మొక్కజొన్న వాసన, అంటే పల్లెటూరి పాతకాలపు వరస. ఇదీ సంగీతకారుల నోట నలిగిన మాటే. చీజీ అంటే చవకబారుగా ఉండి, ఆ సంగతి దానికే తెలియనిది. ట్రీక్లీ అంటే బెల్లప్పాకంలా జిగట. శాకరిన్ అంటే పైపై తీపి.

తిండితో సంబంధం లేనివి రెండు చెబుతాను. మాడ్లిన్ అనే మాట బైబిల్లో ఏసు శిష్యురాలైన మేరీ మగ్దలీన్ పేరు నుంచి వచ్చింది. పాత చిత్రాల్లో ఆమెను ఎప్పుడూ కన్నీళ్లతో గీసేవాళ్లు. మాకిష్ అనే మాటకు మూలం "పురుగు" అనే పాత ఇంగ్లీషు మాట, పురుగు పట్టిన తిండిని చూస్తే వచ్చే వికారం.

వీటిలో ష్మాల్ట్స్ ఒక్కదానిలోనే నాకు కొంత ప్రేమ వినిపిస్తుంది. "చీజీ" అన్నవాడు ఆ సినిమాను పక్కన పడేస్తాడు. "ష్మాల్ట్సీ, కానీ ఏడ్చేశాను" అన్నవాడు మళ్లీ చూస్తాడు.

తెలుగులో దీన్ని ఏమనాలి? "సెంటిమెంట్" అంటే సరిపోదా?

సరిపోదు. తెలుగులో సెంటిమెంట్ తిట్టు కాదు. మనం దాన్ని కనీసం మూడు రకాలుగా వాడతాం. సినిమాలో మదర్ సెంటిమెంట్, సిస్టర్ సెంటిమెంట్ అంటే అనుబంధాల సన్నివేశాలు, "సెంటిమెంట్ పండింది" అంటే పొగడ్త. "ఆ బండి నంబర్ మా ఆయనకు సెంటిమెంట్" అంటే నమ్మకం. "తెలంగాణ సెంటిమెంట్" అంటే జనం గుండెల్లో ఉన్న బలమైన భావన. ఈ మూడింటిలో ఏదీ ష్మాల్ట్స్ కాదు. ఇంగ్లీషు నుంచి అనువాదం చేసేవాళ్లు ఇక్కడ తరచూ బోల్తా పడతారు.

నన్నడిగితే దీనికి సరైన తెలుగు వంటింట్లోనే ఉంది: మొహం మొత్తడం. నెయ్యి ఎక్కువైన మైసూర్‌పాక్ రెండో ముక్క తినబోతే ఏమవుతుందో అదే. "క్లైమాక్స్‌లో సెంటిమెంట్ మొహం మొత్తింది" అనండి, ష్మాల్ట్సీ అన్నదానికి నూటికి తొంభై వంతులు దగ్గరికొచ్చినట్టే. "కన్నీళ్లు పిండాడు" అన్నది కూడా బాగుంటుంది, అయితే అందులో తప్పు పట్టడం పాలు ఎక్కువ.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. జిడ్డును, ప్రేమను ఒకే మాటతో పిలవడం మనకూ ఉంది. సంస్కృతంలో స్నేహం అంటే చెలిమి, చమురు రెండూను. ఆయుర్వేదంలో ఔషధాలతో కాచిన నెయ్యి తాగించే చికిత్సను ఇప్పటికీ స్నేహపానం అంటారు. తెలుగులో నెయ్యి పక్కనే నెయ్యం ఉంది, స్నేహమని అర్థం. దయ గలవాడిది వెన్నలాంటి మనసు. జాలి కలిగితే మనసు కరుగుతుంది. వదలకుండా వెంటపడితే మాత్రం జిడ్డు. కొవ్వు మనుషుల్ని దగ్గర చేస్తుందనీ, మితిమీరితే అంటుకుపోతుందనీ రెండు వేర్వేరు జనాలకు వేర్వేరుగా తోచడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

"గ్లిజరిన్ ఏడుపు" కూడా ఇదేనా?

కాదు. గ్లిజరిన్ ఏడుపు అంటే నటుడి దొంగ కన్నీళ్లు. ష్మాల్ట్స్‌లో ఏడ్చేది ప్రేక్షకుడు, నిజంగానే. అయితే కెమిస్ట్రీ ప్రకారం ఈ రెంటికీ చుట్టరికం ఉంది. కొవ్వు, నూనె అనేవి గ్లిజరిన్‌కు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉన్న పదార్థాలు. కొవ్వును క్షారంతో కాచి సబ్బు చేస్తే విడిపోయి మిగిలేది గ్లిజరినే.

వాక్యంలో ఎలా వాడాలి?

తెలుగులో మాట్లాడుతూ వాడాల్సి వస్తే విశేషణం తేలిక: "ఆ యాడ్ కొంచెం ష్మాల్ట్సీగా ఉంది." నామవాచకానికి బహువచనం ఉండదు, నెయ్యిలాగే. "ఒక ష్మాల్ట్స్, రెండు ష్మాల్ట్స్‌లు" అనకూడదు. "సెకండాఫ్‌లో ష్మాల్ట్స్ ఎక్కువైంది" అనాలి.

ఇప్పటికీ దీన్ని తింటారా?

తింటారు గానీ, రోజూ తినే ఇళ్లు తక్కువ. 1911లో క్రిస్కో అనే పత్తిగింజల నూనెతో చేసిన వనస్పతి అమెరికా మార్కెట్లోకి వచ్చింది. పాలూ కాదు, మాంసమూ కాదు కాబట్టి కోషర్ ఇళ్లల్లో దేనితోనైనా కలపొచ్చు. 1933లో ఆ కంపెనీ యూదు గృహిణుల కోసం యిడ్డిష్, ఇంగ్లీషు రెండు భాషల్లో వంటల పుస్తకమే వేసింది. తర్వాత డాక్టర్లు కొవ్వు తగ్గించమనడం మొదలుపెట్టారు. జాడీ మెల్లగా పండుగ వంటలకు పరిమితమైంది: పాస్ఓవర్ నాటి మాట్సా (పులియబెట్టని రొట్టె) పొడితో చేసిన ఉండల పులుసు, సన్నగా తరిగిన లివర్.

మేం శాకాహారులం. ఆ రుచి ఎలా ఉంటుందో తెలుసుకోవడం ఎలా?

కోడి లేకుండా కోడికొవ్వు రాదు. కానీ ఆ వాసనలో సగం ఉల్లిపాయది. వాసన లేని నూనె అరకప్పు, రెండు పెద్ద ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు. అతి చిన్న మంట మీద ముప్పావుగంట, రంగు తిరిగేదాకా ఓపిగ్గా ఉంచి వడకట్టండి. వేడి రొట్టె మీద రాసుకుని, కాస్త ఉప్పు చల్లుకుని తినండి. అన్నంలోకి కూడా బాగుంటుంది.